దోషజ్ఞుని ధర్మం

మాంచెస్టర్ నగరంలో ఒకప్పుడు లండన్ వీధి ఒకటి ఉండేది. గ్రనడా టెలివిజన్ సంస్థ క్వే స్ట్రీట్‌లోని తన స్టూడియోల చెంత పందొమ్మిదవ శతాబ్దపు బేకర్ స్ట్రీట్‌ను నిలబెట్టింది. 1984 ఏప్రిల్ 24న ప్రసారం మొదలై 1994 వరకు సాగిన షెర్లాక్ హోమ్స్ ధారావాహికకు ఆ వీధే ఆటపట్టు. జెరెమీ బ్రెట్ కథానాయకుడుగా నటించిన ఈ ధారావాహికలో మొత్తం 41 చిత్రాలు ఉన్నాయి. వాటిలో అయిదు రెండేసి గంటల నిడివి గలవి. ప్రేక్షకుడు తాను లండన్‌ను చూస్తున్నాననుకుంటాడు. అతని కళ్ళ ముందున్నది మాంచెస్టర్.

ఈ సంగతి తెలిసిన తరువాత కొందరు ప్రేక్షకులు ఊరుకోలేదు. ఏ కథలోని భవనం ఏ జిల్లాలో ఉన్నదో, ఏ వంతెన ఏ నదిపైనదో వెతికి పట్టుకోవడం వారికి వ్యసనమయింది. వీడియో టేపులు, ఆ తరువాత డిస్కులు వచ్చిన మీదట చిత్రాన్ని కోరిన చోట ఆపి పరిశీలించే వీలు కలిగింది. పాతకాలపు మేడ కప్పు మీద టెలివిజన్ ఏంటెన్నా, గుర్రపు బండి వెళ్ళే దారిలో మోటారు చక్రాల జాడ, ఒక క్షణంలో ఎడమ చేతిలోనూ మరుక్షణంలో కుడి చేతిలోనూ కనిపించే కర్ర - ఇటువంటివే ఈ అన్వేషకుల వేట. పాత ధారావాహికలన్నింటికీ ఇటువంటి వేటగాళ్ళు ఉన్నారు. అయితే అపరాధ పరిశోధన కథల విషయంలో ఈ వేటకు ఒక ప్రత్యేకత ఉన్నది. కథలోని పరిశోధకుడు నేరస్థుని పొరపాటును పట్టుకుంటాడు. ప్రేక్షకుడు ఆ పరిశోధకుని సృష్టించినవారి పొరపాటును పట్టుకుంటాడు. శిష్యుడు గురువిద్యను గురువు మీదనే ప్రయోగించడం వంటిది ఇది.

పైకి ఇది కాలక్షేపంగా కనిపించవచ్చును. కాని దీని వెనుక ఒక నైతిక ప్రశ్న దాగి ఉన్నది. తప్పు పట్టడం సత్యాన్వేషణలో భాగమా, లేక సత్యాన్వేషణ వేషం ధరించిన అహంకారమా? దస్త్రాలలో పొరపాట్లు వెతకడం వృత్తిగా గలవారికీ, పుస్తకాలలో పొరపాట్లు వెతకడం ప్రవృత్తిగా గలవారికీ ఈ ప్రశ్న పరాయిది కాదు.

తప్పులెన్నడం మన అలంకారశాస్త్రానికి కొత్త కాదు. దండి చెప్పిన పది కావ్యదోషాలలో చివరిది దేశ, కాల, కళా, లోక, న్యాయ, ఆగమ విరోధం. ఒక దేశంలో పుట్టని వస్తువును ఆ దేశంలో పుట్టినట్లు చెప్పడం దేశవిరోధం. ఒక ఋతువులో పూయని పువ్వును ఆ ఋతువులో పూయించడం కాలవిరోధం. పాతకాలపు మేడ మీది ఏంటెన్నా కాలవిరోధం కాక మరేమిటి? లండన్ పేరుతో చూపిన మాంచెస్టర్ దేశవిరోధం కాక మరేమిటి? నేటి ప్రేక్షకుడు తెర మీద వెతుకుతున్న దోషాలకు మన లాక్షణికులు వెయ్యేళ్ళకు పూర్వమే పేర్లు పెట్టి ఉంచారు. కాని దండి దోషం పేరు చెప్పి అక్కడితో ఆగలేదు. కవి నేర్పరి అయితే ఈ విరోధమే ఒక్కొక్కప్పుడు దోషాల లెక్క నుండి తప్పుకొని గుణంగా మారుతుందని కూడా చెప్పాడు. ఆనందవర్ధనుడు మరొక అడుగు ముందుకు వేసి, వ్యుత్పత్తి లోపం వలన కలిగిన దోషాన్ని కవి ప్రతిభ కప్పివేస్తుందని, ప్రతిభా లోపం వలన కలిగిన దోషం మాత్రం వెంటనే బయటపడుతుందని వివేచించాడు. అంటే దోషాన్ని గుర్తించడం ఒక పని, దాని బరువును తూచడం మరొక పని. మొదటిదానికి కన్ను చాలును. రెండవదానికి వివేకం కావాలి.

హోమ్స్ కథల విషయంలో దోషాన్వేషణకు తెర కంటె ముందు పుటలే వేదిక అయినాయి. ఆర్థర్ కోనన్ డోయల్ త్వరత్వరగా వ్రాసేవాడు. వ్రాసినదాన్ని మరల సరిచూసుకునే ఓపిక ఆయనకు తక్కువ. డాక్టర్ వాట్సన్‌కు యుద్ధంలో తగిలిన గాయం ఒక నవలలో భుజానికి, మరొక నవలలో కాలికి. జాన్ అనే పేరు గల ఆ వైద్యుణ్ణి ఒక కథలో భార్యే జేమ్స్ అని పిలుస్తుంది. ‘రెడ్ హెడెడ్ లీగ్’ కథలో ఏప్రిల్ 27న వెలువడిన ప్రకటనకు రెండు నెలలే గడిచాయంటారు. కాని ఆ సంఘాన్ని మూసివేసిన తేదీ అక్టోబరు 9. రోనల్డ్ నాక్స్ అనే పండితుడు 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక వ్యాసం చదివి, మతగ్రంథాలను పరిశోధించే పద్ధతిలో ఈ కథలను హాస్యంగా పరిశోధించాడు. ఆ పిమ్మట ఇదొక సంప్రదాయమయింది. ‘జేమ్స్’ చిక్కును డొరొతీ సేయర్స్ విప్పిన తీరు ఈ సంప్రదాయానికి మచ్చుతునక. జాన్ హెచ్. వాట్సన్‌లోని ‘హెచ్’ హేమిష్ అయి ఉండాలి. జేమ్స్ అనే పేరుకు స్కాట్లండ్ రూపం హేమిష్. కనుక భార్య ముద్దుగా జేమ్స్ అన్నది! మన వ్యాఖ్యాతలు పురాణాలలోని పూర్వాపర విరోధాలను సమన్వయించిన చాతుర్యమే ఇక్కడా కనిపిస్తుంది. ఇందులో ద్వేషం లేదు, తృణీకారం లేదు. మూలకర్త విస్మరించిన దానిని భక్తుడు పూరిస్తున్నాడు. దోషాన్వేషణకు ఇది ప్రసన్నమైన ముఖం.

స్థలాన్వేషణ సంగతి చూద్దాం. చిత్రంలోని చోటు అసలు చోటు కాదని తెలిసినంత మాత్రాన రసభంగం అవుతుందా? భరతుని రససూత్రానికి వ్యాఖ్యానం చేసిన శ్రీశంకుకుడు ‘చిత్రతురగ న్యాయం’ అనే ఒక ఉపమానాన్ని చెప్పాడని అభినవగుప్తుని వలన తెలుస్తున్నది. గోడ మీది బొమ్మ గుర్రాన్ని చూసినవాడు ‘ఇది గుర్రం’ అంటాడు. ఆ జ్ఞానం యథార్థం కాదు, అయథార్థమూ కాదు, సంశయమూ కాదు, పోలిక మాత్రమూ కాదు. నాటకం చూసేవాని స్థితి ఈ నాలుగింటికీ భిన్నమైన అయిదవది. కనుక బేకర్ స్ట్రీట్ మాంచెస్టర్‌లో ఉన్నదని చెప్పినవాడు, బొమ్మ గుర్రాన్ని చూపి ‘ఇది సున్నమూ రంగూ’ అని చెప్పినవాని వంటివాడు. అతడు చెప్పినది నిజమే. కాని చూసేవాడు మోసపోయి ఉంటేనే కదా ఆ నిజం వలన మోసం తొలగేది!

అంతే కాదు. ఈ కథలలో అసలు చోటు అనేదే అంత స్థిరమైనది కాదు. డోయల్ వ్రాసిన కాలంలో బేకర్ స్ట్రీట్‌లో 221 అనే ఇంటి సంఖ్యే లేదు. తరువాతి కాలంలో వీధి విస్తరించి సంఖ్యలు మారినప్పుడు ఆ సంఖ్య 1932లో వెలసిన ఒక ఆర్థిక సంస్థ భవనం పరిధిలోకి వచ్చింది. హోమ్స్ పేరిట వచ్చే ఉత్తరాలకు జవాబులు వ్రాయడానికి ఆ సంస్థ ఒక ఉద్యోగినిని నియమించుకోవలసి వచ్చింది. స్విట్జర్లండ్‌లోని మైరింగెన్ సమీపాన రైషెన్‌బాక్ జలపాతం వద్ద 1891 మే 4న హోమ్స్, మోరియార్టీల మధ్య ద్వంద్వయుద్ధం జరిగిందని తెలిపే ఫలకం ఉన్నది. జరిగినది కథలో మాత్రమే. గ్రనడా సంస్థ ఆ ఘట్టాన్ని ఆ జలపాతం వద్దనే చిత్రించింది. లేని ఇంటికి లేని వీధిని కట్టినవారే, జరగని సంఘటనకు ఉన్న చోటును వెతుక్కుంటూ వెళ్ళారన్నమాట.

చోటు కథను మార్చిన ఉదాహరణ కూడా ఉన్నది. ‘మస్‌గ్రేవ్ రిచువల్’ కథలో నిధి జాడకు ఆధారం ఒక ఓక్ వృక్షం. 1986లో దీనిని వార్విక్‌షైర్‌లోని బ్యాడెస్లీ క్లింటన్ అనే పాత గృహంలో చిత్రించారు. చిత్రంలో ఆ ఓక్, నేల మీది చెట్టు కాక, ఇంటి కప్పు మీద గాలి దిక్కు చూపే లోహపు గుర్తు అయింది. మూలం తెలిసినవాడు దీనిని తప్పుగా నమోదు చేయవచ్చును. కాని చూసినవారిలో చాలామందికి ఆ మార్పు కథకు అలంకారంగానే తోచింది. దండి చెప్పిన దోషం గుణంగా మారడం అంటే ఇదే కావచ్చును.

దోషాన్వేషకుని చూపుకు ఒక పరిమితి ఉన్నది. తన నమ్మకాలకు విరుద్ధమైన తప్పే అతనికి కనిపిస్తుంది. తన నమ్మకాలతో కలిసిపోయిన తప్పు కనిపించదు. 1984లోనే ప్రసారమైన ‘స్పెకిల్డ్ బ్యాండ్’ కథ ఇందుకు సాక్షి. కలకత్తాలో వైద్యం చేసి వచ్చిన ఒక దుర్మార్గుడు భారతదేశపు పామును పెంచుతాడు. అది గంట తాడు పట్టుకొని దిగి పక్క గదిలోని నిద్రితను కాటు వేస్తుంది; ఈల వింటే తిరిగి వస్తుంది; ప్రతిఫలంగా పళ్ళెంలోని పాలు తాగుతుంది. డోయల్ చెప్పిన ఆ ‘చిత్తడి నేలల విషసర్పం’ భారతదేశంలో ఎక్కడా లేదు. పాముకు బయటి చెవి లేదు. పాలు దాని సహజాహారం కాదు. పాశ్చాత్య పాఠకులు ఈ పాల సంగతిని ఏనాడో తప్పుల పట్టికకు ఎక్కించారు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసే తెలుగు ఇంటిలో పుట్టిన పాఠకునికి మాత్రం ఆ పళ్ళెం వింతగా తోచదు. అతడు ఆ వాక్యాన్ని దాటి సాఫీగా సాగిపోతాడు. ఆ పూజలోని భక్తి వేరు, పాము జీర్ణశక్తి వేరు. ఆ రెంటినీ విడదీసి చూడవలసిన అవసరం అతనికి అంతవరకు కలగలేదు, అంతే. తప్పులెన్నేవారిని గురించి వేమన ఆటవెలది చిన్ననాడే కంఠస్థం చేసిన జాతికి ఈ పాఠం కొత్తది కాకూడదు.

మన వేదాంతులు తాటిని చూసి పామని భ్రమించడాన్ని ఉదాహరణగా చెబుతారు. ఈ కథలో తాడూ నిజమే, పామూ నిజమే. గంటకు తగిలించి ఉండవలసిన తాడు గంటకు తగిలించి లేకపోవడమే హోమ్స్ పట్టుకున్న ఆధారం. కాని దీపం తెచ్చి చూసినంత మాత్రాన అన్ని భ్రమలూ తొలగవు. దీపం పట్టిన చేతి నీడ ఎక్కడో ఒక చోట పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు రెండు రకాల తప్పులను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది.

మొదటిది బ్రెట్‌కు సంబంధించినది. ధారావాహిక ఆరంభంలో సన్నగా, చురుకుగా, కత్తివాదర వంటి ముఖంతో కనిపించిన హోమ్స్ చివరి సంవత్సరాలలో స్థూలకాయుడై, ఆయాసపడుతూ, మందగమనంతో కనిపిస్తాడు. కథల కాలక్రమం తెర మీది క్రమంతో కలవదు కనుక, యువకుడై ఉండవలసిన చోట వృద్ధుడుగా, వృద్ధుడై ఉండవలసిన చోట యువకుడుగా ఉంటాడు. ‘మజరిన్ స్టోన్’ కథలో హోమ్స్ దాదాపు అదృశ్యమై, అన్నగారైన మైక్రాఫ్ట్ పరిశోధన సాగిస్తాడు. మూలంతో పోల్చి చూసేవానికి ఇవన్నీ దోషాలే. వీటి వెనుక ఉన్నది ఒక మనిషి జీవితం. 1985లో బ్రెట్ భార్య జోన్ విల్సన్ మరణించింది. ఉన్మాదమూ విషాదమూ ఒకదాని వెంట ఒకటిగా వచ్చే మనోవ్యాధి అతనిని ఆవరించింది. దానికి వాడిన మందులు శరీరాన్ని బరువెక్కించాయి. గుండె జబ్బు ముదిరింది. అయినా అతడు నటన మానలేదు. 1995 సెప్టెంబరు 12న, 61వ ఏట మరణించేనాటికి చివరి కథ ప్రసారమై సంవత్సరమున్నర కూడా కాలేదు. మాదకద్రవ్యాన్ని హోమ్స్ స్వయంగా సూదితో ఎక్కించుకునే అలవాటు చూసే పిల్లలకు చెడు చేయగలదని భావించి, ‘డెవిల్స్ ఫుట్’ చిత్రంలో ఆ సూదిని సముద్రతీరపు ఇసుకలో పాతిపెట్టే దృశ్యాన్ని చేర్చడానికి డోయల్ కుమార్తె అనుమతి కోరినవాడు కూడా ఈ నటుడే. అది మూలంలో లేదు. దానిని ‘మూలవిరోధం’ అని నమోదు చేసినవాని పట్టిక తప్పు కాదు. కాని ఆ పట్టికలో దాని విలువను వ్రాసే గడి లేదు.

రెండవది అండమాన్‌కు సంబంధించినది. 1890లో వెలువడిన ‘సైన్ ఆఫ్ ఫోర్’ నవలను గ్రనడా సంస్థ 1987లో చిత్రంగా తీసింది. 1857 నాటి ఆగ్రా కోటలో మొదలయ్యే ఈ కథలో సిక్కులుగా చెప్పబడినవారి పేర్లు మహమ్మద్ సింగ్, అబ్దుల్లా ఖాన్. భారతీయుడెవరైనా మొదటి చూపులోనే పట్టుకోగల పొరపాటు ఇది. నవ్వి వదిలివేయవచ్చును. కాని అదే నవలలో టోంగా అనే అండమాన్ వాసి ఉన్నాడు. అతని జాతి వివరాల కోసం హోమ్స్ ఒక గెజెటీర్ సంపుటం తెరిచి చదువుతాడు. అది సరికొత్త ప్రమాణగ్రంథమని చెప్పి మరీ చదువుతాడు. ఆ గ్రంథం ప్రకారం అండమాన్ ఆదివాసులు క్రూరులు, నరమాంసభక్షకులు.

ఇది సత్యం కాదు. ఆనాటికి తెలియని సత్యమూ కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ ప్రభుత్వపు ఉద్యోగిగా ఉంటూ ఆ ఆదివాసుల భాషను, జీవితాన్ని అధ్యయనం చేసిన ఇ. హెచ్. మాన్, వారిలో నరమాంసభక్షణ లేదని నవలకు కొన్నేళ్ళ ముందే, 1880ల తొలి సంవత్సరాలలో ప్రకటించాడు. 1858లో అక్కడ ఖైదీల స్థావరం ఏర్పడిన తరువాత భయపడవలసినవారు నిజానికి ఆ ద్వీపవాసులే. 1877లో తట్టు వ్యాధి వారిని తుడిచిపెట్టింది. గ్రేట్ అండమానీయుల సంఖ్య 1901 జనగణనలో 625. 1961 జనగణనలో 19. చచ్చిపోతున్న జాతిని చంపే జాతిగా చిత్రించిన నవల నేటికీ అచ్చవుతూనే ఉన్నది. ధారావాహిక నిర్మాతలు హోమ్స్ అలవాట్లను, ఇంటి సామగ్రిని, వాట్సన్ వస్త్రధారణను మూలం నుండి సేకరించి 70కి పైగా పుటల మార్గదర్శిని తయారుచేసుకున్నారు. ‘స్ట్రాండ్’ పత్రికలో సిడ్నీ పేజెట్ వేసిన బొమ్మలను దృశ్యాలుగా మలిచారు. మూలానికి అంత విధేయులైనవారు టోంగాను కూడా విధేయతతోనే తెర మీదికి తెచ్చారు. దోషాన్వేషకుడు మూలంతో చిత్రాన్ని సరిపోల్చి చూస్తే ఇక్కడ ఏ తప్పూ దొరకదు. మూలమే తప్పయిన చోట, మూలంతో సరిపోల్చే చూపు గుడ్డిదవుతుంది.

ఆనాటి రచయితను ఈనాటి కొలతతో కొలవడం న్యాయమా అని ఒక ఆక్షేపం రావచ్చును. చరిత్ర చదివినవారు తరచుగా చేసే ఆక్షేపమే ఇది. అందులో బలం ఉన్నది. డోయల్ అండమాన్ వెళ్ళలేదు. చేతికందిన పుస్తకాలను, చెవికి సోకిన మాటలను నమ్మి ఉంటాడు. వ్యక్తిగా అతని దోషం చిన్నది కావచ్చును. కాని క్షమ వ్యక్తికి వర్తిస్తుంది; తప్పు అలాగే నిలిచి ఉంటుంది. కార్యాలయంలో ఒక పాత దస్త్రంలో ఒక కుటుంబం పేరు తప్పుగా నమోదయి ఉంటే, నమోదు చేసిన గుమాస్తాను ఎవరూ ఇప్పుడు శిక్షించరు. అతడు ఏనాడో గతించి ఉంటాడు. అంత మాత్రాన ఆ నమోదును దిద్దకుండా వదిలితే, ఆ కుటుంబపు నాలుగవ తరం కూడా భూమి కోసం తిరుగుతూనే ఉంటుంది. గుమాస్తాపై దయ చూపవలసిందే. దస్త్రంపై దయ చూపకూడదు.

బ్రెట్ విషయంలోనూ, అండమాన్ విషయంలోనూ దోషాన్వేషకునికి కావలసినది ఒకటే: తప్పు దగ్గర ఆగకుండా దాని వెనుకకూ, ముందుకూ చూడటం. వెనుకకు చూస్తే తప్పుకు కారణం తెలుస్తుంది. అక్కడ కొన్నిసార్లు ఒక మనిషి బాధ ఉంటుంది. ముందుకు చూస్తే తప్పుకు ఫలం తెలుస్తుంది. అక్కడ కొన్నిసార్లు ఒక జాతి అపకీర్తి ఉంటుంది. మేడ మీది ఏంటెన్నా వలన ఎవరికీ నష్టం లేదు. అది సులభంగా కనిపిస్తుంది కనుక పట్టికలో మొదటి స్థానం పొందుతుంది. నష్టం కలిగించిన తప్పు సులభంగా కనిపించదు కనుక చివరి స్థానం కూడా పొందదు. కంటికి కనిపించిన సౌలభ్యాన్ని బట్టి తప్పుకు స్థానం ఇవ్వడమే ఈ వినోదంలోని లోపం. కార్యాలయాల పరిశీలనలోనూ ఇదే జరుగుతుంది. వోచరు మీద సంతకం లేకపోవడం ఆడిట్ కంటికి వెంటనే దొరుకుతుంది; ఆ వోచరు ఎవరికి చెందవలసినదో వారికి అసలు చేరిందా అన్నది సంతకం ఉన్న కాగితం కూడా చెప్పదు.

ఇంతమాత్రాన చిన్న తప్పులను వెతికే వేడుకను నిరసించనవసరం లేదు. కాగితంపై తేదీలను సరిచూసే అలవాటే ఒకనాడు గెజెటీర్‌ను సరిచూసే ధైర్యాన్ని ఇస్తుంది. చిన్న తప్పును చూడలేని కన్ను పెద్ద తప్పును చూస్తుందని నమ్మకం లేదు. చిక్కు ఎక్కడంటే, చిన్న తప్పు దొరికిన తృప్తితో కన్ను మూతపడటంలో.

భారతీయ దూరదర్శన్ 1993లో ప్రసారం చేసిన మరొక అపరాధ పరిశోధన ధారావాహిక ఇక్కడ గుర్తుకు రాక మానదు. వంగ రచయిత శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో సృష్టించిన బ్యోమకేశ్ బక్షీని బాసు ఛటర్జీ దర్శకత్వంలో రజిత్ కపూర్ దేశమంతటికీ పరిచయం చేశాడు. కలకత్తా హారిసన్ రోడ్డులోని మెస్సులో ఉండే ఈ యువకునికి డిటెక్టివ్ అనే మాట నచ్చదు. తనను తాను సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. నేరస్థుణ్ణి పట్టుకోవడం అతనికి సత్యాన్వేషణలో ఒక భాగం మాత్రమే. ఎవరు చేశారన్నదానితో పాటు ఎందుకు చేశారన్నదీ అతనికి కావాలి. తెర ముందు కూర్చున్న దోషాన్వేషకుడు కూడా తనకు ఏ పేరు తగునో ఎన్నుకోవచ్చును.

అమరకోశంలో పండితునికి చెప్పిన పర్యాయపదాలలో ‘దోషజ్ఞుడు’ ఒకటి. దోషం తెలిసినవాడే విద్వాంసుడని ఆ నిఘంటుకర్త భావం. అదే మాట వైద్యునికి కూడా వర్తిస్తుంది. శరీరంలోని దోషాలను తెలిసినవాడు అతడు. వైద్యుడు దోషాన్ని వెతికేది రోగిని చిన్నబుచ్చడానికి కాదు. దోషం పేరు చెప్పి వెళ్ళిపోతే అతని పని పూర్తి కాదు.